తొట్టి దగ్గర షేక్ తాత మేకలు

నా చిన్నప్పుడు నాకొక అధికారం ఉండేది. ఎనిమిదేళ్ల పిల్లకు అధికారమేమిటని నవ్వకండి, అప్పట్లో నాకెవరూ ఎదురు చెప్పేవారు కాదు. సౌదీలో రాబిగ్ దాటి సముద్రం వెంబడి ఇంకా పైకి పోతే, పాత ఇనుము కరిగించి కమ్మీలు తీసే చిన్న ఊరొకటి ఉండేది. ఊరని మేం అనుకోవడమే. ఒక ఫర్నేసు, దాని వెనక తుప్పు పట్టిన కార్ల గుట్టలు, ఎదురుగా వరసగా ఐదు రేకుల ఇళ్లు. ఆ ఐదిళ్లకూ కలిపి ఒకే ఒక సిమెంటు తొట్టి. రెండు రోజులకోసారి ట్యాంకరొచ్చి దాన్ని నింపి పోయేది. ఆ తొట్టి గట్టు మీద కూర్చుని నీళ్ల వంతులు పిలిచేదాన్ని నేను.

మాది కడప జిల్లా. సాయిబులమే అయినా ఇంట్లో తెలుగే. ఫర్నేసు పెట్టిన కొత్తలో అక్కడికి పెళ్లాం బిడ్డలతో దిగిన మొదటి మనిషి మా నాయన. మా తర్వాత తొమ్మిది రోజులకు నెల్లూరు వాళ్లు, ఆ తర్వాత ఒక్కొక్కరే మిగతా వాళ్లూ వచ్చారు. మేం ముందు దిగామన్న మాట మా ఇంట్లో అన్నంతోపాటు వడ్డించేవాళ్లు. వచ్చిన వరసలోనే నీళ్లు పట్టుకోవాలని పెద్దవాళ్లు పెట్టుకున్న కట్టుబాటు. మొదటి డ్రమ్ము మాది, రెండోది నెల్లూరు అత్తది, అలా. ఎవరూ నన్ను పెట్టలేదు గానీ, నోరు పెద్దది కాబట్టి ఆ ఉద్యోగం నాకే దక్కింది. చేతిలో ఒక కమ్మీ ముక్క పట్టుకుని టంగుమని మూత మీద కొట్టి వంతు పిలుస్తుంటే, అబ్బ, ఎంత దర్జాగా ఉండేదో!

అలాంటి చోటికి ఆరో కుటుంబం వచ్చింది. భర్త కమ్మీలు సాగదీసే మిషను దగ్గర మెకానిక్కు. భార్య గోదావరి గట్టు మనిషి, ఐదో నెల కడుపుతో ఉంది. ఇల్లు ఖాళీ లేక గోడౌను పక్కన ఒక రేకుల గది ఇచ్చారు. పిల్లలమందరం ఆమెను కొత్త పిన్ని అనేవాళ్లం. నోట్లో నాలుక లేని మనిషి. ఫోర్‌మన్ మాత్రం ఆమె భర్తతో ఖరాఖండిగా చెప్పేశాడట. తొట్టిలో వాటా ఇప్పించుకుంటే సరి, లేదంటే కడుపుతో ఉన్న మనిషిని నీళ్లు లేని చోట ఉంచలేను, ఎగ్జిట్ వీసా కొట్టించి ఇండియాకు పంపించేయమని. అంటే ఆమె ఇక్కడ ఉండడమూ పోవడమూ మా ఐదిళ్ల చేతుల్లో పడిందన్నమాట.

ఐదిళ్లవాళ్లూ చూద్దాం అన్నారు. ఆ చూద్దాం వారాలు గడిచినా తేలలేదు. "ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారే, ఇప్పుడొక వాటా ఇస్తే రేపు మన నెత్తికెక్కతారు" అని నెల్లూరు అత్త అనేది. మా అమ్మ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆమె మౌనం మీద నాకిప్పటికీ కోపమే. ఈలోగా కొత్త పిన్ని మా అందరి వంతులూ అయ్యేదాకా నిలబడి, తొట్టి అడుగున మిగిలిన బురద నీళ్లు గుడ్డలో వడకట్టుకుని పోయేది. అదీ మిగిలితేనే.

ఒకరోజు ట్యాంకరు సగమే తెచ్చింది. నాలుగిళ్లు పట్టుకునేసరికి తొట్టిలో మోకాలి లోతు కూడా లేవు. ఐదో ఇంటావిడ ఇంకా రాలేదు. ఎండ మండిపోతోంది. కొత్త పిన్ని మధ్యాహ్నం నుంచీ అక్కడే నిలబడి ఉంది.

"పాపా, ఒక్క బిందె పట్టుకోనివ్వమ్మా. తాగడానికే, ఇంకెందుక్కాదు" అంది.

నేను తొట్టికి మూత వేసేసి, దాని మీదెక్కి కూర్చున్నాను. "కుదరదు. మేం ముందొచ్చినోళ్లం. నీది ఆఖర్న" అన్నాను.

ఆమె తిట్టలేదు. ఖాళీ బిందె చంకన పెట్టుకుని, "గోదారి గట్టున పుట్టి నీళ్లకి బతిమాలుకుంటన్నాను చూడు" అని తనలో తనే నవ్వుకుంటూ పోయింది. ఛీ, ఆ నవ్వు గుర్తొస్తే ఈ రోజుకీ నా ఒళ్లు మండుతుంది, నా మీదే.

ఇదంతా దూరంగా పికప్పులో కూర్చుని ఒకాయన చూస్తున్నాడు. ఆ నేలంతా ఆయనది. ఫర్నేసు రాకముందు అక్కడ వాళ్ల నాయన తవ్విన బావి, మేకల మంద తప్ప ఇంకేమీ ఉండేవి కాదట. నేలను ఫ్యాక్టరీకి అద్దెకిచ్చి, బావిని మాత్రం ఎవరికీ ఇవ్వకుండా తన కిందే ఉంచుకున్నాడు. దాని నీళ్లు ఉప్పెక్కిపోయి మేకలకు తప్ప పనికొచ్చేవి కావు. మేం ఆయన్ను షేక్ తాత అనేవాళ్లం. పిల్లలం కాబట్టి మాకు ఆయన అరబ్బీ ఇట్టే అంటుకుంది.

ఆయన దిగొచ్చి, "ఇక్కడ మీ అందరిలో ఎవరు ముందు?" అని అడిగాడు. నేను గుండె మీద చెయ్యేసుకుని మేమే అన్నాను. తయ్యిబ్, బాగుంది అని తల ఊపి వెళ్లిపోయాడు. మెచ్చుకున్నాడనుకున్నాను. మరి ఆ సాయంత్రమంతా కాలుగాలిన పిల్లిలా ఇంట్లోకీ వాకిట్లోకీ ఎందుకు తిరిగానో నాకే అంతుబట్టలేదు. గోడౌను వైపు చూడకూడదనుకుంటూనే అటే చూశాను.

రెండు రోజులకు మళ్లీ ట్యాంకరొచ్చింది. నేను కమ్మీ ముక్క పట్టుకుని తొట్టి దగ్గరికి పరిగెత్తితే ఏముందీ, మా డ్రమ్ము ముందు ఇరవై మేకలు! వాటి ముందు ఒక పెద్ద గంగాళం. గంగాళం పక్కన కాళ్లు చాపుకుని షేక్ తాత. ఆడవాళ్లందరూ బిందెలతో బిత్తరపోయి నిలబడ్డారు. నేల ఆయనది, ఏమంటారు?

"వచ్చిన వరసే కదా మీ కట్టుబాటు. మా నాయన మీకంటే ముందొచ్చాడు. ఈ మేకల తాతలు కూడా మీకంటే ముందొచ్చినవే. పిలువమ్మా వంతులు" అన్నాడు నాతో. నవ్వలేదు.

పిలిచాను. ఏం చేయను? టంగుమని కొట్టి, ఒకటో మేక అన్నాను. ఆయన గంగాళంలోకి నీళ్లు తోడాడు. అది రెండు గుక్కలు తాగి తల తిప్పుకుంది. రెండో మేక అన్నాను. ఫ్యాక్టరీలో షిఫ్టు దిగిన మగవాళ్లు కూడా చేరి చూస్తున్నారు. మూడో మేక మూతి పెట్టి తుమ్మింది, ఎవరో కిసుక్కుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. తొట్టిలో నీళ్లు దిగిపోతున్నాయి. ఆరో మేక దగ్గర ఇక నావల్ల కాలేదు. కమ్మీ విసిరికొట్టి, "చాలు తాతా! దాహం లేనివాటికి పోస్తావేంది? మనుషులకు లేవు!" అని ఏడుస్తూ అరిచాను.

ఆయన చెంబు కింద పెట్టాడు. ఆ మాట నా నోట రావాలనే కూర్చున్నాడని నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

అప్పుడాయన చెప్పింది ఎక్కువేం కాదు. వాళ్ల బావి దగ్గర దారిన పోయేవాడు ముందు తాగాలట, తర్వాత వాడి ఒంటె, ఆ తర్వాత ఇంటివాళ్లు. చేద పట్టుకుని నీళ్లు తోడేవాడు అందరికన్నా ఆఖర్న తాగాలి. బావి తవ్విన వాళ్ల నాయన బతికినన్నాళ్లూ ఆఖర్నే తాగాడట. "ముందొచ్చినవాడంటే నీళ్ల జాడ తెలిసినవాడు. జాడ తెలిసినవాడు దారి చూపించాలి. అడ్డం కూర్చుంటాడా, బిడ్డా?" అన్నాడు. మేకలను తోలుకుని వెళ్లిపోయాడు.

నేను వెనక్కి చూడకుండా గోడౌను వైపు ఉరికాను. కొత్త పిన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, ఆమె బిందె అందరికన్నా ముందు తొట్టి పక్కన పెట్టాను. మా అమ్మ మా డ్రమ్మును దొర్లించుకుంటూ వరస చివరకు తీసుకుపోయింది. అది చూసి నెల్లూరు అత్త కాసేపు గొణిగి, తానూ పక్కకు జరిగింది. ఆ పూట మా డ్రమ్ములో సగమే పడ్డాయి. మగవాళ్లు అక్కడికక్కడే మాట్లాడుకుని ఆరిళ్లకూ సమానంగా వాటా అని తేల్చేశారు. నాయన ఆ మాట చెప్పడానికి ఫోర్‌మన్ దగ్గరికి పోతుంటే నేనూ వెంటపడ్డాను. ఆ కబురు నా చెవులతో నేను వినాలి, అప్పుడు గానీ నా మనసు కుదుటపడదు.

ఫోర్‌మన్ అంతా విని, ఇంకెక్కడి వాటా అన్నాడు. మెకానిక్కు రెండు రోజుల కిందటే, ట్యాంకరు సగమే తెచ్చిన సాయంత్రమే, ఎవరికీ చెప్పకుండా వచ్చి కాగితం మీద సంతకం పెట్టిపోయాడట. ఎగ్జిట్ పడిపోయింది. వెనక్కి తిప్పడం తన వల్ల కాదన్నాడు. నాయన ఎంత బతిమాలినా ఆయన చేతులెత్తేశాడు. ట్యాంకరు సగమే తెచ్చిన సాయంత్రం అంటే నేను మూత మీదెక్కి కూర్చున్న సాయంత్రం. 

ఆరు రోజులకు జెద్దా పోయే బండి వచ్చింది. ఐదిళ్లవాళ్లూ వాకిళ్లలో నిలబడ్డారు. కొత్త పిన్ని బండి ఎక్కబోయి ఆగి, చేతిలో ఖాళీ సీసాతో తొట్టి దగ్గరికొచ్చింది. అక్కడ నేనున్నాను.

"దారిలో తాగడానికి ఇన్ని పట్టుకోవచ్చా పాపా? ఇప్పుడు నా వంతేనా?" అని అడిగింది.

ఎత్తిపొడుపు ఏమాత్రం లేదండీ. నిజంగానే అడిగింది, ఎనిమిదేళ్ల పిల్లను. నింపి ఇచ్చాను. సగం నా కాళ్ల మీదే పోసుకున్నాను. ఆమె తడిచేత్తో నా ముఖం తుడిచి వెళ్లిపోయింది. తర్వాత ఆమె ఎక్కడుందో, బిడ్డ పుట్టిందో లేదో మాకెవరికీ తెలియదు.

ఇప్పుడు నేను జెద్దాలో, బలద్ అనే పాతపేట దగ్గర ఒక పాత బిల్డింగులో ఉంటున్నాను. మోకాళ్లు అరిగిపోయాయి. అయినా కొత్తగా అద్దెకొచ్చినవాళ్లు కింద సామాను దించుతున్న చప్పుడు వినిపిస్తే చాలు, ఎవరు, ఎక్కడివాళ్లు అన్నది చూసుకోను, నీళ్ల క్యాను పట్టుకుని వాళ్ల గుమ్మం దాకా మెట్లెక్కుతాను. "స్థిమితంగా కూర్చోవేం జేజీ, కావాలంటే వాళ్లే అడుగుతారు కదా" అని మనవరాలు కసురుతుంది. అదే కదా నా భయమంతా, వాళ్లు అడుగుతారేమోనని. అడిగేలోపు తలుపు కొట్టాలి.