టవర్ కింద సాయవ్వ

పటాన్‌చెరు ఫ్యాక్టరీల వెనక బస్తీలో పొద్దున్నే వాకిలి ఊడుస్తూ సాయవ్వ ఒకసారి చీపురు ఆపి, పక్కింటి మిద్దె మీది సెల్ టవర్‌ను కొరకొరా చూస్తుంది. నుదుటికి పాత చీర పేలిక బిగించి ఉంటుంది. టవర్ లేచినప్పటి నుంచీ ఆమెకు తలపోటు, కోడలికి నిద్ర లేదు. అది టవర్ వల్లనో, దాని జనరేటర్ మోత వల్లనో ఆమెకు తెలియదు. అడిగితే చెప్పే దిక్కూ లేదు.

నిన్న టవర్ కంపెనీ మనిషి వచ్చి అరుగు మీద కూర్చుని, "ఏం కాదమ్మా, భయపడకండి" అన్నాడు. సాయవ్వకు ఒళ్లు మండిపోయింది. మందుల ఫ్యాక్టరీ పెట్టిన కొత్తలో కూడా ఒకాయన ఇదే అరుగు మీద కూర్చుని ఇదే మాట చెప్పి పోయాడు. ఆ తర్వాతే పెరట్లో బోరింగు నీళ్లు పచ్చబడ్డాయి, అవి తాగిన బర్రెలు చచ్చాయి. ఇంటికొచ్చిన వాళ్లకు ఆమె ట్యాంకర్ నీళ్లే ఇస్తుంది. నిన్న మాత్రం పెరట్లోకి పోయి, ఎవరూ ముట్టని ఆ బోరింగు కొట్టి చెంబు నింపుకొచ్చింది. "తాగు బిడ్డా." అతను చెంబు నోటిదాకా ఎత్తి దించేశాడు. "వాసనొస్తున్నాయమ్మా." "ఈ నీళ్లకు ఏం గాదని నీలెక్కనే ఒకాయన చెప్పిండు. తాగు" అంది సాయవ్వ. అతను చెంబు కింద పెట్టబోతే పెట్టనివ్వలేదు.