ఖాజా మామ చెవులు

కాలిన గ్రీజు వాసన ఒకసారి చేతికి పట్టిందంటే సబ్బుకు లొంగదు. పొద్దుటి నుంచి ఇంటి ముందు పికప్ బండి ఎడమ ముందు చక్రం విప్పుకుని కూర్చున్నాను. బండి జాకీ మీద ఉంది, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాను, పాత బేరింగు డీజిల్ డబ్బాలో నానుతోంది. నడుము లేవనంటోంది, మోకాళ్లు వంగనంటున్నాయి. సుల్తానాబాద్‌లో మెకానిక్కులకు కొదవ లేదు. బండి తీసుకెళ్లి పడేస్తే సాయంత్రానికల్లా చేసిస్తారు. ఆడమనిషివి, నీకెందుకీ తిప్పలని వాడకట్టంతా అంటుంది. నిజమే, నాకెందుకో! కానీ ఈ వాసన ముక్కుకు తగిలిందంటే ఖాజా మామ గుర్తొస్తాడు. ఆయన గుర్తొచ్చాక చక్రాన్ని ఇంకొకరి చేతికి ఇవ్వబుద్ధి కాదు.

ఖాజా మామ మా పక్కింటి మనిషి. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు. నాట్ల కాలంలో తన బండిలో కూలీ ఆడవాళ్లను పొలాలకు చేర్చేవాడు. మిగతా రోజుల్లో వడ్ల బస్తాలు, పెళ్లి సామాన్లు, కొండగట్టుకు మొక్కులకు పోయేవాళ్లు. మా అత్తను అక్కా అని పిలిచేవాడు కనుక నాకు మామ అయ్యాడు. మా ఆయన దుబాయిలో నడుం విరగ్గొట్టుకుని వచ్చి మంచం పట్టాక, ఇల్లెలా గడుస్తుందో తోచక నేను గోడకానుకుని కూర్చుంటే, ఆయన వాకిట్లోకొచ్చి మా అత్తతో అన్నాడు: "నీ కోడలు ఊకె కూసుంటే ఎట్లక్కా? రేపటిసంది నా బండెక్కమను." అట్లా క్యాబిన్‌లో ఆయన పక్కన కూర్చున్నాను. మొదట కూలీలను ఎక్కించి దించడం, ఆ తర్వాత స్టీరింగు, చివరికి పానా పట్టడం కూడా నేర్చుకున్నాను.

నేర్పడమంటే ఓపిగ్గా చెప్పడం కాదు ఆయన దగ్గర, తిట్లే. బేరింగులు ఎప్పుడు మార్చినా ఇంటి ముందే మార్చేవాడు, షాపువాళ్లను నమ్మేవాడు కాదు. గ్రీజు అరచేతిలో వేసుకుని బేరింగును దానికేసి ఒత్తాలి, రోలర్ల సందుల్లోంచి అవతలికి వచ్చేదాకా ఒత్తుతూనే ఉండాలి. నేను పైపైన పూసి చేతులు దులుపుకుంటే, రొట్టెకు నెయ్యి రాస్తున్నావా అని మళ్లీ అంతా కడిగించాడు. ఆ సాయంత్రం మా ఆయనకు అన్నం పెడుతూ ఏడ్చాను. మరునాడు పొద్దున్నే మళ్లీ వెళ్లాను, వెళ్లకపోతే గడవదు కదా.

ఆయన చెవులకు మాత్రం ఊళ్లో పేరుండేది. బండి కదలగానే వెనకవాళ్లను నోళ్లు మూసుకోమని కసిరి, తల ఒక పక్కకు వంచి కాసేపు వినేవాడు. బజారులో చాయ్ తాగుతూ, ఎదురుగా పోయే బండిని చూడకుండానే, వాడి కుడి చక్రం పోతుంది చూడు అనేవాడు. పోయేది. జాతకం చూపించుకున్నట్టు డ్రైవర్లు తమ బండ్లను ఆయన ముందు నుంచి ఒకసారి నడిపించుకుని పోయేవాళ్లు.

ఒక వానాకాలం నాట్లప్పుడు మా బండి ఎడమ ముందు చక్రమే మూలగడం మొదలుపెట్టింది. మొదట్లో సన్నగా ఉండేది. తర్వాత వేగం పెరిగినకొద్దీ విసుర్రాయి తిప్పినట్టు ఒకటే రొద. వెనక కూర్చున్న ఆడవాళ్లందరికీ వినబడుతోంది, ఎవ్వరూ నోరెత్తడం లేదు. కూలీల ముఠాకు పెద్ద లచ్చవ్వను పక్కకు పిలిచి అడిగితే నన్నే వింతగా చూసింది.

"ఖాజాకు తెల్వదా పిల్లా? మనం చెప్తే నవ్వడా?"

అదీ సంగతి. ఊరంతా మెచ్చిన చెవులకు చప్పుడు గురించి చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? నేనూ మొదట అట్లాగే అనుకున్నాను, ఆయన విన్నాడు, తీరిక చూసుకుని మారుస్తాడని. కానీ ఆయన అదే వేగంతో, వెనక అంతమందిని పెట్టుకుని, ధర్మపురి రోడ్డు మీద పోతూనే ఉన్నాడు. నేనేదన్నా మాట్లాడితే "ఆఁ?" అని రెండోసారి చెప్పించుకుంటున్నాడు. అప్పుడు అర్థమైంది, ఆ చెవులకు చప్పుడు వినబడడం లేదని. చెప్పకపోతే ఏదో ఒక రోజు చక్రం పట్టేసి ఇంతమంది ఆడవాళ్లు కాలువలో పడతారు. చెబితే ఆయనకింకేం మిగులుతుంది? పిల్లల్లేరు, సెంటు భూమి లేదు. ఆ చెవులూ ఆ బండీ, అంతే.

ఆ సాయంత్రం కూలీలను దింపి ఇంటికొచ్చాక నోటితో చెప్పలేకపోయాను. జాకీ పెట్టి ఎడమ చక్రం లేపాను. ఏమైందన్నట్టు చూశాడు. ఆయన చెయ్యి పట్టుకుని చక్రం వెనక ఉన్న స్ప్రింగు మీద ఆనించి, రెండో చేత్తో చక్రాన్ని గట్టిగా తిప్పాను. వాకిట్లో నిలబడ్డ మా అత్తకు కూడా ఆ గరగర వినబడుతోంది. మామ మాత్రం నా ముఖంలోకే చూస్తున్నాడు. కాసేపటికి ఆయన వేళ్లకు తెలిసింది. ఇంకోసారి తిప్పమన్నాడు, తిప్పాను. చెయ్యి తీయలేదు.

"ఎన్నొద్దులాయె?"

"శాన రోజులాయె మామా."

"అందరికి ఇనబడ్తుందా?"

తలూపాను. కోప్పడతాడనుకున్నాను, కోప్పడినా బాగుండేది. వెళ్లి అరుగు మీద కూర్చుని, చేతుల మురికిని చాలాసేపు తుడుచుకుంటూ ఉండిపోయాడు.

"ఎరుకున్నోనికి ఎవ్వరు చెప్పరు బిడ్డా. మనమే అడుగాలె. నేను అడుగుడు మర్శిన."

మరునాడు ఇద్దరం కలిసి బేరింగు మార్చాం. పాతది నీలంగా కమిలిపోయి ఇరుసుకు అతుక్కుపోయింది, ఉలి పెట్టి కొడితే గానీ రాలేదు. దాన్ని చేతిలో పట్టుకుని మామ ఏదో దువా చదువుకున్నాడు. చక్రం మార్చిన ప్రతిసారీ కాలువ దాకా పోయివచ్చే మొదటి చక్కరు ఆయనదే, అప్పుడు ఎవరినీ ఎక్కనిచ్చేవాడు కాదు. ఆ రోజు నన్ను పొమ్మన్నాడు. నేను తిరిగి వచ్చాక చక్రం మధ్యలో అరచెయ్యి పెట్టి వేడి మాత్రం తనే చూసుకున్నాడు. తెల్లారి కూలీలు ఎక్కుతుంటే వాళ్లతోపాటు వెనకెక్కి, ఆడవాళ్ల మధ్య సర్దుకుని కూర్చున్నాడు. నువ్వు కూడా నాటేస్తావా ఏందని లచ్చవ్వ ఎకసెక్కమాడితే అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. ఆ నవ్వు చూడలేక నేను బండి కదిలించాను.

ఆ నాట్లు అయ్యేదాకా ఆయన వెనకే కూర్చున్నాడు. దిగేటప్పుడల్లా, చప్పుడేమన్నా వచ్చిందా అని ఆడవాళ్లను పేరుపేరునా అడిగేవాడు. మొదట సిగ్గుపడి తల వంచుకున్నవాళ్లే, కొన్నాళ్లకు అడగకముందే చెప్పడం మొదలుపెట్టారు. మామ పోయి చాలా ఏళ్లయింది. లచ్చవ్వా లేదు.

ఇప్పుడు బండి నాది, అడగడమూ నాదే. చాలాసార్లు విసుగ్గానే అడుగుతాను, వాళ్లూ అంతే విసుగ్గా ఏం లేదంటారు. నాకూ బండి సంగతి తెలిసినదని పేరు పడింది, కొత్త పిల్లలు నా ముందు నోరు విప్పడానికి జంకుతారు. అందుకే అడగడం మానను. నిన్న కూడా అడిగాను. వెనక నుంచి ఒక పిల్ల, ఈ మధ్యనే కూలీకి రావడం మొదలుపెట్టింది, తడుముకోకుండా చెప్పింది.

"ఎడమ దిక్కు చక్రం మూలుగుతుందక్కా. నీకు ఇనబడ్తలేదా?"

నాకేమీ వినబడలేదు. బండి పక్కకు ఆపి, ఇంజను బందు చేసి, కాసేపు స్టీరింగు మీద తల ఆనించుకున్నాను. భయమే వేసింది, అబద్ధమెందుకు. తర్వాత దిగి వెనక్కి వెళ్లి, ఆ పిల్లను కిందికి దిగమన్నాను. తప్పు మాట అన్నానేమోనని దాని ముఖం చిన్నబోయింది. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ముందు క్యాబిన్‌లో, నా పక్కన కూర్చోబెట్టుకున్నాను.