చెయ్యి తక్కువ బెంజమిన్ గారు

బెంజమిన్ గారింట్లో బల్ల చుట్టూ ఎంతమంది కూర్చున్నా ఒక చెయ్యి తక్కువే. అమలాపురంలో లెక్కల లెక్చరరు బెంజమిన్ అంటే ఆయన కాలేజీవాళ్ళకి తెలుసు. 'చెయ్యి తక్కువ బెంజమిన్' అంటే ఊరంతటికీ తెలుసు. ఆ పేరు విన్న కొత్తవాళ్ళు పాపం ఆయనకేదో అవిటితనం ఉందనుకుని జాలిపడతారు. రెండు చేతులూ నిక్షేపంగా ఉన్నాయి. తక్కువైన చెయ్యి ఆటలోది.

ఆటంటే పేకాట కాదు. పేక ముక్క గుమ్మం దాటి వస్తే ఆయన భార్య ఝాన్సీగారు మనిషిని కూడా గుమ్మం దాటిస్తారు. ఇది పెద్ద అట్టపెట్టెలో పరదేశం నుంచి వచ్చిన ఆట. బల్లమీద ఓడరేవు బొమ్మ పరుస్తారు. చుట్టూ కూర్చున్నవాళ్ళందరూ వర్తకులు. ఒక్కొక్కరూ సరుకుల కార్డులు పోగేసుకోవాలి. ఒకే సరుకు ఎన్ని పోగేస్తే అంత లాభం. అన్ని రకాలూ ఒక్కొక్కటి చొప్పున పోగేస్తే ఇంకా లాభం. సెట్టు మధ్యలో తెగితే గుండు సున్నా.

కార్డుల మీదున్నవన్నీ ఆ దేశపు సరుకులు. బెంజమిన్ గారు వాటన్నిటికీ మన పేర్లు పెట్టేశారు. ఆలివ్ కాయ ఉసిరికాయ అయింది. ఏదో సముద్రపు చేప పులస అయింది. ద్రాక్షసారాయి పీపా చెరకురసం అయింది. ఆ చివరిది మాత్రం ఝాన్సీగారి ఆజ్ఞ.

ఆట పరిచాక ఆయన గేటు దగ్గరికెళ్ళి నిలబడతారు. ఇక ఆ వీధిన పోయేవాడి అదృష్టం. ఓసారి లైన్‌మన్ దానం ఏదో రిపేరు కోసం వీధి మొత్తానికి కరెంటు తీసి, నిచ్చెన భుజాన వేసుకుని వస్తూ దొరికిపోయాడు.

"దానంగారూ! ఒక చెయ్యి తక్కువైందండీ."

"డ్యూటీలో ఉన్నానండి బాబూ!"

"మరి మేవేం ఖాళీగా ఉన్నావా అండీ? ఒక్క ఆటేనండీ."

నిచ్చెన గోడకి చేరింది, దానం కుర్చీలో చేరాడు. కాసేపటికి ఉక్కకి తాళలేక వీధివాళ్ళు విసనకర్రలు పట్టుకుని దెబ్బలాటకి వచ్చారు. వచ్చినవాళ్ళు దానం భుజాల మీంచి కార్డులు చూశారు. ఆ తర్వాత కరెంటు మాట ఎత్తినవాడు లేడు. "పులస వదలకండి దానంగారూ!" అని ఒకటే గోల. దానం గెలిచాకే మా వీధిలో ఫ్యాన్లు తిరిగాయి.

'మా వీధి' అన్నాను కదా, నా సంగతి కూడా చెప్పాలి. పేరు సుబ్రహ్మణ్యేశ్వరరావు, బ్యాంకు మేనేజరుని. మండపేట నుంచి బదిలీ మీద వచ్చి బెంజమిన్ గారి పక్కింట్లో దిగాను. మా ఆవిడకి మండపేటలోనే ఉద్యోగం కనుక ఒక్కణ్ణే వచ్చాను. ఒక ఆదివారం పక్కింట్లోంచి "ఆ ఉసిరికాయ నాదండీ!" అని కేకలు వినపడుతుంటే, చొక్కా ఇస్త్రీ చేసుకుని మరీ వెళ్ళాను, గట్టిగా అడుగుదామని.

"కొంచెం శబ్దం తగ్గిస్తారా అండీ?" అన్నాను.

బెంజమిన్ గారు చటుక్కున కుర్చీలోంచి లేచారు. "మేనేజరుగారా! రండి రండి! మీలాంటి బుర్రున్నోళ్ళు కావాలండీ మాకు. ఒక చెయ్యి తక్కువైంది. ఇలా కూర్చోండి, నేను కాఫీ పెట్టుకొస్తాను."

నా బుర్ర గురించి నాకున్న అభిప్రాయాన్ని ఇంకొకరి నోట వినడం అదే మొదటిసారి. వెంటనే కూర్చున్నాను. చిత్తుగా ఓడిపోయాను. అలవాటు లేక ఓడానని అప్పుడు అనుకున్నాను. అలవాటయ్యాక ఇంకా బాగా ఓడటం మొదలుపెట్టాను.

ఓడేకొద్దీ నాకు పంతం పెరిగింది. రూల్సు పుస్తకం అడిగి తెచ్చుకుని కంఠతా పట్టాను. యూట్యూబులో ఎవరో గడ్డం కుర్రాడు చెప్పే ఎత్తుగడలన్నీ చూశాను. బ్యాంకులో లోను కాగితాలు చూస్తూ కూడా 'ఈయన ఏ సెట్టు పోగేస్తున్నాడా' అని ఆలోచించేవాణ్ణి. అంత చదివినవాణ్ణి ఒకసారి మా అత్తగారు అచ్చాయమ్మగారు ఓడించారు. నన్ను చూసి పోదామని వచ్చి, బస్సుకి బయల్దేరి, గేటు ముందు దొరికిపోయారావిడ.

"నాకీ ఇంగ్లీషు ఆటలు తెలీవు బాబూ!"

"ఇంగ్లీషు కాదండత్తయ్యగారూ, పులసేనండీ," అన్నారు బెంజమిన్ గారు.

పులస అనేసరికి ఆవిడ చేతిసంచీ కింద పెట్టారు. ఏ ఎత్తుగడా లేదు, కనపడిన పులసనల్లా లాక్కున్నారు. బస్సు పోయింది, నా పరువూ పోయింది. రాత్రి భోజనాల దగ్గర, "బ్యాంకులో కూడా ఇలాగే చేస్తారా అల్లుడుగారూ?" అని అడిగారు, ఎంతో దిగులుగా.

ఇక సాల్మన్ గారి విషయానికొస్తాను. చర్చిలో పాటల బృందానికి ఆయనే పెద్ద. ఆయన గొంతెత్తితే మైకు దండగ అనేవారు. అలాంటిది గొంతులో గడ్డ లేచి ఆపరేషను అయింది. ప్రాణానికి భయం లేదన్నారు డాక్టర్లు. గొంతు మాత్రం చిల్లుపడ్డ హార్మోనియం తిత్తిలాగ అయిపోయింది. మాట్లాడితే గాలి తప్ప ఏమీ రాదు. పలకరించడానికి వచ్చినవాళ్ళు ఆయన చెవి దగ్గర నోరు పెట్టి "ఎలా ఉందండీ?" అని అరిచేవాళ్ళు, గొంతుతోపాటు చెవులు కూడా పోయినట్టు. ఆయన బయటికి రావడం మానేశారు. చర్చిలో కూడా ఆఖరి బల్ల మీద కూర్చుని, పాట మొదలవగానే లేచి వెళ్ళిపోయేవారట.

ఆ ఆదివారం సాయంత్రం బల్ల నిండుగా ఉంది. బెంజమిన్ గారు, ఝాన్సీగారు, మొబైల్ షాపు నాగసతీష్, నేను. ఆ పెట్టెలో నలుగురికే ముక్కలున్నాయి. ఝాన్సీగారు పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు వేడివేడిగా తెచ్చి పెట్టారు. నాకు అప్పటికే మూడు ఉసిరికాయలొచ్చి జీవితం మీద ఆశ పుట్టింది. అంతలో సాల్మన్ గారు పాలపాకెట్టు పట్టుకుని తలొంచుకుని గేటు ముందు నుంచి పోతున్నారు. బెంజమిన్ గారు పరుగున వెళ్ళారు.

"సాల్మన్ గారూ! ఒక చెయ్యి తక్కువైందండీ."

నేను ఉండబట్టలేక, "చేతులన్నీ ఉన్నాయి కదండీ!" అని ఇంట్లోంచి అరిచాను.

సాల్మన్ గారు గొంతు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపారు.

"గొంతుతో పనేంటండీ? ఈ ఆటలో ఎవరూ మాట్లాడకూడదు. నోరు తెరిస్తే ఒక కార్డు నాకిచ్చెయ్యాలి. అదే రూలు," అన్నారు బెంజమిన్ గారు. అని, ఆయన్ని తెచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన నిలబడ్డారు.

"అలాంటి రూలేమీ లేదండీ! పుస్తకం నాకు కంఠతా వచ్చు," అన్నాను.

"మాట్లాడేరు. ఒక కార్డు."

నా ఉసిరికాయ పోయింది.

గోదావరి జిల్లాలో పుట్టినవాణ్ణి నోరు మూసుకోమనడం ఎంత దారుణమో చూడాలి. నాగసతీష్ ఫోను మోగగానే "ఆయ్, చెప్పండి" అన్నాడు. కార్డు పోయింది. "అయ్యో" అన్నందుకు నాదింకోటి పోయింది. నవ్వాపుకోలేక ఝాన్సీగారిది పోయింది. సాల్మన్ గారు ఒక్కరే హాయిగా ఉన్నారు. వేళ్ళు చిటికేసి అడిగేవారు, కనుబొమలెగరేసి బేరమాడేవారు, బల్ల మీద దరువేసి కాదనేవారు. జీవితమంతా పాటగాళ్ళని చేతులతో నడిపించిన మనిషి, మమ్మల్ని నడిపించడం ఎంత పని? అన్ని రకాల సెట్టూ బల్లమీద పరిచి, చప్పుడు లేకుండా భుజాలు కుదిపి నవ్వారు.

ఆయన వెళ్ళాక నేను మాత్రం ఊరుకోలేదు. "ఇష్టమొచ్చిన రూలు మధ్యలో పెడితే ఎత్తుగడకి విలువేముందండీ?" అన్నాను. బెంజమిన్ గారు వినపడనట్టు కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికెళ్ళిపోయారు.

ఝాన్సీగారు నావైపు అదోలా చూశారు. "మేనేజరుగారూ, పాయింట్లు తప్ప మీకింకేం కనపడవాండీ? ఆయన వీధిలోకి చూసేది ఆటకి మనిషి కోసం అనుకుంటున్నారా? మీరొచ్చిన రోజున కూడా బల్ల నిండే ఉందండీ."

"అదేంటండీ, బుర్రున్నోడు కావాలని కదా..."

"సాయంత్రమైతే మీరు ఒక్కరే వరండాలో గోడకేసి చూస్తా కూర్చుంటున్నారని, పాపం ఈయనకి అన్నం సయించేది కాదు. బుర్ర సంగతి మాకేం తెలుసండీ, అప్పటికి మీతో ఆడలేదు కదా."

ఆడాక తెలిసిందని ఆవిడ అనలేదు. అంత మర్యాద గోదావరి వాళ్ళకే ఉంటుంది.

తర్వాతి ఆదివారం సాల్మన్ గారు ఎవరూ పిలవకుండానే వచ్చారు. మళ్ళీ అదే మౌనవ్రతం. ఈసారైనా గెలవాలని నేను ఎవరూ చూడకుండా కట్ట అడుగునున్న కార్డు ఒకటి మెల్లగా లాగాను.

"దొంగాట!"

గాలిలాంటి, గరగరలాంటి గొంతు. అందరం ఉలిక్కిపడి చూశాం. సాల్మన్ గారు నావైపు వేలు చూపిస్తూ నిలబడి ఉన్నారు. నలుగురిలో ఆయన నోరు విప్పడం ఆపరేషను తర్వాత అదే మొదలు. ఝాన్సీగారి కళ్ళు చెమర్చాయి. నాగసతీష్ చప్పట్లు కొట్టబోయాడు.

బెంజమిన్ గారు మాత్రం చెయ్యి చాపారు. "మాట్లాడేరు సాల్మన్ గారూ. ఒక కార్డు."

"నేనా? దొంగని పట్టుకున్నందుకా?" సాల్మన్ గారికి ఒళ్ళు మండిపోయింది. ఆ చిరిగిన గొంతుతోనే ఆయన వాదనకి దిగారు. న్యాయం గురించి, ధర్మం గురించి, బ్యాంకు మేనేజర్ల గురించి ఆపకుండా మాట్లాడారు. బెంజమిన్ గారు ఒక్కో మాటకీ ఒక్కో కార్డు చొప్పున, నవ్వుతూ, ఆయన ముందున్న సెట్టంతా లాగేసుకున్నారు.