కడగకూడని తొట్టి

మొన్న మనవరాలి వంటింట్లో ఒక గిన్నె మీద మూత తీశానో లేదో, పులిసిన సజ్జపిండి వాసన గుప్పుమని నన్ను మార్కాపురం తీసుకుపోయింది.

మా ఊరు చెన్నపట్నం ఏలుబడిలో ఉన్న రోజులు. పలకల గనుల దుమ్ము పీల్చి దగ్గే కూలీలకు మందులిచ్చే మిషను నర్సమ్మను మేం దొరసాని అనేవాళ్లం. మా అవ్వ ఆమె ఇంట్లో అంట్లు తోమేది, నేను కొంగు పట్టుకుని వెంట పోయేదాన్ని. దొరసాని పుట్టింది అమెరికాలోనే గానీ, అమ్మానాన్నలది లిథువేనియా. అక్కడ వాళ్ల అక్షరాల్లో పుస్తకం అచ్చువేస్తే రష్యా చక్రవర్తి జైల్లో వేయించేవాడట. ఓడెక్కి పోయి బొగ్గుగనుల్లో బతికిన ఆ సంసారానికి గడప బయట ఇంగ్లీషు, లోపల తమ మాట, తమ పుల్లటి నల్లరొట్టె. ఆ రొట్టె పిండిని పులియబెట్టే తోడును అమ్మమ్మ అమ్మకిస్తే, అమ్మ ఈమెకిచ్చింది. ఎండబెట్టి గుడ్డలో కట్టుకొచ్చి, మా సజ్జపిండి కలిపి, చెక్క తొట్టిలో బతికించుకుంటోంది. తొట్టి కడగకూడదు, అడుగున అంటిన పిండే మళ్లీ తోడు. రెండుసార్లు సముద్రం దాటిన పిండి మా ఊళ్లో బుడగలు తీస్తుంటే నేను నోరు తెరిచి చూసేదాన్ని, చేతులెత్తి మొక్కాలనిపించేది.

దొరసాని వాళ్ల పండగొచ్చింది. కడగొద్దని ఆమె చెప్పినా సరే, మురికి పాత్ర ఇంట్లో ఉంటే అవ్వకు ముద్ద దిగదు. చింతపండు, బూడిద వేసి తొట్టిని తళతళా తోమిపెట్టింది. దాన్ని చూసి దొరసాని నేల మీద కూలబడి, తల్లిని మళ్లీ పోగొట్టుకున్నట్టు ఏడ్చింది.

“ఏడవబాకమ్మా! మా అంబలి పులవక, అడక్కుండా చిటికెడు తీసకపోయినా. నీ తోడు మా కుండలో ఉండాది,” అంటూ అవ్వ ఇంటికి పరుగెత్తి అంబలి కుండ తెచ్చింది. రోజూ అడుగున కాస్త మిగిల్చి అందులోనే కొత్త అంబలి పోసేది మరి. దొరసాని కుండలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. మాకెవరికీ తెలియని తన మాటలో ఏదో అని అవ్వను వాటేసుకుంది. మర్నాడు రొట్టె పొంగింది!

కొన్నాళ్లకు దొరసాని వెళ్లిపోయింది. కుండ మాత్రం మా ఇంట్లో పులుస్తూనే ఉంది. అవ్వ పోయినరోజు మైల అని కుండలన్నీ ఊరిబయట పారేయమన్నారు. అంబలి కుండను మోసుకుపోయి రాయికేసి కొట్టింది నేనే. ఇంటికొచ్చి స్నానం చేశాక గానీ అందులో దొరసాని తోడు ఉందని గుర్తు రాలేదు.

ఇప్పుడా అంబలీ లేదు, ఆ రొట్టే లేదు. మనవరాలు వేసింది దుకాణంలో కొన్న ఈస్టు.

“అవ్వా, ఆ గిన్నె కడిగేస్తావా?” అంది మనవరాలు, పిండి తీసుకుని రొట్టె చేస్తూ.

అడుగున అంటిన పిండిని చూస్తూ, గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాను.