బళేపేట బైండరు తగ్గించుకున్న వాల్యూమ్

1997 వేసవిలో నేను బెంగళూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి డయాలిసిస్ యూనిట్‌కి స్టాఫ్ నర్సుగా మారాను. అంతకుముందు అదే ఆసుపత్రిలో సర్జరీ వార్డులో పనిచేశాను. మాది మదనపల్లె దగ్గర ఒక పల్లె. కొత్త యూనిట్‌లో డాక్టర్లు ఇంగ్లీషు, కన్నడం మాట్లాడేవారు. తెలుగు రోగి ఎవరొచ్చినా నా వైపు మంచాలకే పంపేవారు.

మూత్రపిండాలు పనిచెయ్యని మనిషి రక్తాన్ని మిషన్ గుండా పంపి శుభ్రం చెయ్యడం, ఒంట్లో చేరిన అదనపు నీటిని తీసెయ్యడం డయాలిసిస్ పని. మూత్రం సరిగా రాదు కాబట్టి తాగిన నీళ్లు ఒంట్లోనే ఉండిపోతాయి. అందుకే రోగి రాగానే ముందు బరువు చూస్తాం. అదనపు నీరంతా పోయాక మనిషి ఉండాల్సిన బరువును డ్రై వెయిట్ అంటాం. దానికంటే ముల్లు ఎంత ముందుకెళ్తే అంత నీరు చేరిందని అర్థం.

మునిరత్నప్ప బరువు ప్రతిసారీ ముందుకే వెళ్లేది. ఆయనకి యాభై దాటి ఉంటాయి. తాతల కాలంలోనే చిత్తూరు వైపు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన కుటుంబం. బళేపేట సందులో చిన్న బైండింగు అంగడి. చెప్పిన మాట వినే మనిషి. మాత్రలు వేళకి వేసుకునేవాడు, ఉప్పు మానేశాడు. అయినా కాళ్లవాపు తగ్గేది కాదు. నేను ఆ యూనిట్‌కి వచ్చేసరికే ఆయనకి డయాలిసిస్ మొదలైంది. జాగ్రత్తలన్నీ మొదట్లోనే ఎవరో ఒకరు చెప్పి ఉంటారని అందరి నమ్మకం.

మా డాక్టరు ధార్వాడ వైపు యువకుడు, మంచివాడు. ప్రతిసారీ మంచం దగ్గర ఆగి, "వాల్యూమ్ జాస్తి ఆగిదె అప్పా, కమ్మి మాడ్లేబేకు" అనేవాడు. ఎక్కువైంది, తగ్గించాల్సిందే అని. మాకు వాల్యూమ్ అంటే ఒంట్లో ఉన్న ద్రవం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మేము వాడే మాటే అది. మునిరత్నప్ప బుద్ధిగా తలూపేవాడు.

ఒక మధ్యాహ్నం ఆయన భార్య సరోజమ్మ ఆటోలో ఆయన్ని తీసుకొచ్చింది. పడుకోబెడితే ఊపిరాడడం లేదు. పెదవులు నీలంగా ఉన్నాయి, గొంతులో గరగర. నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కింది. కూర్చోబెట్టి ఆక్సిజన్ పెట్టాం, మిషన్‌కి కలిపాం. నీరు మెల్లగా లాగాలి, తొందరపడితే బీపీ పడిపోతుంది. నేను, డాక్టరు ఆ మంచం దగ్గర నుంచి కదల్లేదు. మునిరత్నప్ప నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. చాలాసేపటికి ఊపిరి నిలకడకి వచ్చింది.

డాక్టరు చెమట తుడుచుకుంటూ, "ఎన్నిసార్లు చెప్పినా వాల్యూమ్ తగ్గించకపోతే నేనేం చెయ్యను?" అని కన్నడంలో అని, పక్క రోగి దగ్గరికి వెళ్లాడు.

సరోజమ్మకి ఏడుపు ఆగలేదు. "ఇంకేమి తగ్గించేది సిస్టరమ్మా? చెప్పినట్టే చేస్తా ఉండాము. ఇంట్లో రేడియో సన్నగా పెడతా ఉండా. పక్కింటోళ్లకీ చెప్పినా, గట్టిగా పెట్టొద్దండప్పా, మా ఆయనకి వాల్యూమ్ పడదంట అని."

మునిరత్నప్ప మాస్కు కొంచెం పక్కకి జరిపాడు. "రేడియో కాదే, నీకెన్నిసార్లు చెప్పేది? వాల్యూములు." తర్వాత నా వైపు తిరిగాడు. "లాయర్లు ఇచ్చిన వాల్యూములన్నీ వాపసు పంపిస్తినమ్మా. అంగడి మూసేస్తి. ఇంక తగ్గించేదానికి నా దగ్గర ఏముండాది?"

నేను మాస్కు సరిచేస్తూ అడిగాను. "ఏ వాల్యూములు అప్పా?"

"లా పుస్తకాలమ్మా. లావు లావువి. నాకు ఇంగ్లీషు రాదు గానీ ఆ మాట మటుకు బాగా తెలుసు. పుస్తకం వీపు మీద బంగారు రేకుతో అచ్చేసేది నేనే కదా. బరువులు ఎత్తితే నాకు పడదని డాక్టరు చెప్తా ఉండాడు అనుకుంటి."

"మరి ఇప్పుడు పగలంతా ఏం చేస్తున్నారు?"

"ఏమి చేసేది? సుమ్నే, ఊరికే కూసోనుండేది. పొద్దే పోదు. ఈ ఎండకి గొంతు ఎండిపోతాది. చెంబు పక్కనే పెట్టుకోని తాగతా ఉంటా. నడుమ కాఫీ, మజ్జిగ."

నాకు నవ్వొచ్చింది, దాని వెనకే కళ్లలో నీళ్లొచ్చాయి. బతకడానికి ఈ మనిషి తన చేతిపని వదులుకున్నాడు. ఆ ఖాళీలో కూర్చుని తాగిన నీళ్లే ఆయన్ని ముంచుతున్నాయి.

"అప్పా, తగ్గించాల్సింది పుస్తకాలు కాదు. నీళ్లు. మీరు తాగే నీళ్లు, కాఫీ, మజ్జిగ, చారు, అన్నీ."

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చావు అంచు నుంచి అప్పుడే వెనక్కి వచ్చిన ఆ మనిషి మొదట అడిగింది ఒకటే. "అట్లయితే అంగడి తెరవచ్చునా?"

నేను వెళ్లి డాక్టరుకి చెప్పాను. ఆయన తిరిగొచ్చి, స్టూలు లాక్కుని మునిరత్నప్ప పక్కన కూర్చున్నాడు. "తప్పాయితు అప్పా. నీరు. నీరు కమ్మి మాడి" అన్నాడు, తప్పయిపోయింది, తగ్గించాల్సింది నీళ్లు అని. అంగడి తెరుచుకోవచ్చని, మోతబరువులు మాత్రం వేరేవాళ్లతో ఎత్తించుకోమని చెప్పాడు. ఆ రోజు నుంచి ఆ డాక్టరు నోట రోగుల ముందు వాల్యూమ్ అనే మాట నేను వినలేదు.

సరోజమ్మకి ఒక పద్ధతి నేర్పాను. రోజుకి తాగదగినంత నీళ్లు పొద్దున్నే ఒక సీసాలో పోసి పెట్టాలి. ఆయన కాఫీ తాగితే అంత నీళ్లు ఆ సీసాలోంచి తీసి మొక్కకి పొయ్యాలి. చారు పోసుకున్నా అంతే. సీసా ఖాళీ అయితే ఆ రోజుకి ఇంక లేదు. ఆమె ఆ సీసాని ఆయనకి అందకుండా అటక మీద పెట్టేదట.

అంగడి తెరిచినంత మాత్రాన పని వెంటనే తిరిగి రాలేదు. లాయర్లు అప్పటికే వేరే బైండర్లని చూసుకున్నారు. కొన్నాళ్లు బడిపిల్లల పుస్తకాలకి అట్టలు వేశాడు. తర్వాత ఒక పాత లాయరు గుమాస్తా వెతుక్కుంటూ వచ్చి ఒక కట్ట దించి పోయాడు. ఆ వారం మునిరత్నప్ప యూనిట్‌లోకి నవ్వుకుంటూ వచ్చి తనంతట తనే బరువు మిషన్ ఎక్కాడు. ముల్లు డ్రై వెయిట్ దగ్గర్లోనే ఆగింది.

"ఎట్లా అప్పా ఇది?" అన్నాను.

"చేతులకి మైదా జిగురు ఉంటే చెంబు ముట్టుకోబుద్ధి కాదు సిస్టరమ్మా. పనిలో పడితే దాహమే గెవనానికి రాదు."

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆయన మా దగ్గరికి వచ్చాడు. మిషన్ తిరుగుతుంటే ఏ కాగితం ఎటు మడిస్తే చిరగదో పక్క మంచాల వాళ్లకి చెప్తూ ఉండేవాడు.

ఆ కేసు నాకు ఒక అలవాటు నేర్పింది. "అర్థమైందా?" అని అడిగితే ప్రతి రోగీ తలూపుతాడు. అందుకని నేను, "ఇంటికి వెళ్లి ఏం చేస్తారో నాకు చెప్పండి" అని అడిగి, జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడతాను. ఎంత చదువుకున్నవాళ్లనైనా అడుగుతాను.

2006లో హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి ఒక కుర్రాడు డయాలిసిస్‌కి వచ్చేవాడు. కర్నూలు వైపు వాడు, కాల్‌సెంటర్‌లో టీమ్ లీడర్. ఒకరోజు కొత్తగా చేరిన డాక్టరు అతనికి వాల్యూమ్ తగ్గించుకోమని చెప్పి వెళ్లాడు. ఇంత ఇంగ్లీషు వచ్చిన మనిషిని అడగాలా అనుకుంటూనే అడిగాను.

"మేనేజర్‌తో మాట్లాడతా సిస్టర్" అన్నాడు సీరియస్‌గా. "కొన్నాళ్లు మా టీమ్‌కి కాల్ వాల్యూమ్ తగ్గించమని చెప్తా. రోజూ వచ్చే ఫోన్లు మరీ ఎక్కువైపోయాయి."

నేను స్టూలు లాక్కుని అతని పక్కన కూర్చున్నాను. "అది తర్వాత చూద్దాం. ముందు రోజుకి ఎన్ని కాఫీలు తాగుతారో చెప్పండి."