లాడం మేకు బిగించిన కత్తి

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదటినుంచీ ఒళ్ళు మంట. మా అమ్మ గుమ్మానికి నిమ్మకాయ కడితే పీకి పారేసి, ఆమెతో రెండు రోజులు మాట్లాడని మనిషిని. ఇది ఎవరినో భయపెట్టడానికి రాయడం లేదు. ఇన్నేళ్ళయినా కోపం తగ్గలేదు కాబట్టి రాస్తున్నాను. అందులో సగం నా మీదే.

నేను గుంతకల్లు రైల్వేలో క్లర్కుగా పనిచేశాను. మా నాయన ఆవిరి ఇంజన్ల షెడ్డులో ఫిట్టరు. ఆయన పోయాక పనిముట్ల పెట్టెలో మూడు పాత జేబుకత్తులు దొరికాయి. అలుగు మడిస్తే పిడిలోకి పోయే రకం. వాటితో మొదలైంది నా పిచ్చి. ఆదోని, బళ్ళారి పాత ఇనుము అంగళ్ళలో కూర్చుని గంటలకొద్దీ వెతికేదాన్ని. ఆడమనిషికి కత్తులెందుకని నవ్వినవాళ్ళు చాలామంది. నవ్వనిచ్చాను.

పాత జేబుకత్తి ఒక మనిషి చేసింది కాదు. ఇంగ్లండులో షెఫీల్డు అనే ఊరుంది. అక్కడ ఒకడు అలుగును కాచి కొట్టేవాడు, ఇంకొకడు సానబట్టేవాడు, మరొకడు పిడి బిగించేవాడు. సానబట్టేవాళ్ళు రాతిదుమ్ము పీల్చీ పీల్చీ చిన్న వయసులోనే ఊపిరితిత్తులు పాడై చనిపోయేవాళ్ళట. అలుగు మొదట్లో కొట్టిన ముద్ర మాత్రం యజమానిది. పిడికి వాడిన కణుజు కొమ్ము, అంటే పెద్ద అడవి జింక కొమ్ము, మన దేశపు అడవులనుంచే ఓడల్లో పోయేది. ఇవన్నీ పుస్తకాలు తెప్పించుకుని చదివాను. ముద్ర చూసి, మేకులు చూసి, కత్తి ఏ కాలందో చెప్పగలిగేదాన్ని. బెంగళూరులో కత్తులు సేకరించేవాళ్ళు కొందరు నా మాట నమ్మేవాళ్ళు. ఆ పేరే నా నెత్తికెక్కింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, వరసగా వానలు ఎగ్గొట్టిన రోజుల్లో, శంకరప్ప అనే కాంట్రాక్టరు జీపులో మా క్వార్టరుకు వచ్చాడు. కళ్యాణదుర్గం దాటి లోపల ఎక్కడో ఆయన ఊరు. చేతిలో ఒక కత్తి. గుర్రాల వాళ్ళ కోసం చేసిన కత్తి అది. రెండు అలుగులు, గిట్టలో ఇరుక్కున్న రాయిని తీయడానికి ఒక కొక్కెం, కణుజు కొమ్ము పిడి. అలాంటిది నేను బొమ్మల్లోనే చూశాను.

"మా తాతదమ్మా. గుర్రం మీద తిరిగేటోడు. బెంగళూరోళ్ళు నీ కాయితం ఉంటేనే మాట్లాడతామంటాండారు," అన్నాడు.

రాసిచ్చాను. కత్తి వయసు, రకం, ముద్ర, అన్నీ. చివర ఇది తమ వంశంలో వస్తున్న వస్తువని కూడా రాయమన్నాడు. నేను చూసింది కత్తిని, వాళ్ళ వంశాన్ని కాదు. అయినా రాశాను. మేకులన్నీ తయారైనప్పటివే, ఎవరూ విప్పలేదని కూడా గొప్పగా రాసి కింద సంతకం పెట్టాను.

నెల దాటింది. ఒక ఆదివారం మధ్యాహ్నం తలుపు తీసే ఉంది. గడప అవతల ఒకాయన నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్ళుంటాయి. చెప్పుల్లేవు. మోకాళ్ళదాకా ఎర్రదుమ్ము. ఎడమ చెవి తమ్మె చీలి ఉంది.

"కత్తికి కాయితం రాసింది నువ్వేనా అక్కా?" అని అడిగాడు.

అవునన్నాను.

"ఆ కత్తి మాది. నా పేరు ఓబులేసు. మా తాత దొరల గుర్రాలకు లాడాలు కొట్టేటోడు. ఒక దొర పోతా పోతా ఇచ్చిపోయినాడు. నేను శంకరప్ప శెనక్కాయ చేన్లో కూలికి పోయినప్పుడు ఆయప్ప నా దగ్గర చూసినాడు. చూసిస్తానని తీసుకున్నాడు, మళ్ళా ఇయ్యలే. అడిగితే దొంగ అని కేసు పెట్టినాడు."

నాకు కోపం వచ్చింది. నా కాగితం తప్పంటాడా అని. "అయితే స్టేషన్లో చెప్పుకోపో. నాకెందుకు చెప్తావు?" అన్నాను.

"చెప్పినా. నీ కాయితమే చూపించినారు."

ఆ మాట కూడా నాకు ఎక్కలేదు. ఆధారం ఏముందని అడిగాను. అతను గొంతు పెంచలేదు. "కొక్కెం పక్కన మేకు మా తాత కొట్టింది. లాడం మేకు అది. ఊడిపోతే ఆయనే విప్పి బిగించినాడు. లోపల ఇత్తడి రేకు మీద ఆయన పేరు గీసుకున్నాడు. ఇప్పి చూడు," అన్నాడు.

తర్వాత నీళ్ళడిగాడు. చెంబు ఇచ్చాను. ఎత్తి పట్టుకుని ఒక్క గుక్కలో తాగి ఇంకో చెంబు అడిగాడు. అదీ తాగాడు. చెంబు గడప మీద పెట్టి, ఎండలో రైలు కట్ట వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. మాయమైపోలేదు. మలుపు తిరిగేదాకా చూశాను. పక్క క్వార్టరు రూతమ్మ మిరపకాయలు ఎండబోస్తూ, "ఎవరొదినా ఆయప్ప, అంత దప్పిగొని ఉండాడు?" అని కూడా అడిగింది.

రెండు రోజులు ఆ మేకు నన్ను తినేసింది. మూడో రోజు సెలవు పెట్టి, రెండు బస్సులు మారి శంకరప్ప ఇంటికి వెళ్ళాను. నా కాగితంలో ఒక అనుమానం ఉంది, కత్తి మళ్ళీ చూడాలన్నాను. వరండాలో కూర్చోబెట్టి తెచ్చి ఇచ్చాడు.

భూతద్దం పెట్టి చూశాను. మిగతా మేకులన్నీ ఇత్తడివి. కొక్కెం పక్కది ఇనుము. తలను ఆకురాయితో నున్నగా అరగదీసి, కొమ్ము రంగులో కలిసిపోయేలా చేశారు. అంత పేరున్న నా కళ్ళకు అది మొదటిసారి కనబడలేదు.

విప్పితేనే సరైన కాగితం రాయగలనని చెప్పాను. బేరం మీద ఆశతో ఒప్పుకున్నాడు. ముందు ఆ మేకును, తర్వాత మిగతావాటిని మెల్లగా కొట్టి తీశాను. పిడి మీది కొమ్ము పలక లేచింది. కింద ఇత్తడి రేకు మీద గీతలు, వాటి నిండా పాత చిలుము. తెలుగు అక్షరాలే. "లాడాల నరసన్న" అని ఉంది.

"మీ తాత పేరు నరసన్నా?" అని అడిగాను.

శంకరప్ప రేకు వైపు చూశాడు, నా వైపు చూశాడు. మొహంలో ఏ మార్పూ లేదు. "పాతకాలంది, ఎవరో గీసింటారు. అయినా ఇంగ అడిగేటోడు యాడుండాడు? స్టేషన్ నుంచి ఇడిసిపెట్టిన మూడో దినమే సచ్చిపోయినాడు గదా, ఆ ఓబులేసు. పదిదినాలాయ."

"మొన్న ఆదివారం మా ఇంటికొచ్చాడు," అన్నాను.

"ఆయప్పను అంతకు ముందటి ఆదివారమే పూడ్చినారు," అని నవ్వాడు.

ఆ నవ్వు చూశాక నాలో భయానికి చోటు లేకపోయింది. ఊడివచ్చిన ఇత్తడి రేకు గుప్పిట్లో పెట్టుకుని లేచాను. వెనకనుంచి దొంగ, దొంగ, కేసు పెడతా అని అరుస్తూనే ఉన్నాడు. నేను ఆగలేదు.

అడిగితే ఓబులేసు ఇల్లు ఆ ఊరి చివరే అన్నారు. భార్య ఎల్లమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. నేను ఎవరో చెప్పాను. ఆమె ఏడవలేదు, లేవలేదు.

"ఆయన ఉన్నప్పుడు రాకపోతివి. ఇప్పుడేం చూసేకి వచ్చినావు?"

జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయనకు అన్నదమ్ములున్నారా అని అడిగాను. లేరంది. గుంతకల్లు ఎప్పుడైనా వచ్చాడా అంటే, కళ్యాణదుర్గం దాటి ఎన్నడూ పోలేదంది. రేషన్ కార్డు తెచ్చి చూపించింది. అతనే. చీలిన చెవి తమ్మె ఫొటోలో స్పష్టంగా ఉంది.

"నీ దగ్గర నీళ్ళు తాగినాడా?" అని అడిగింది.

రెండు చెంబులు తాగాడని చెప్పాను. అప్పుడు ఏడ్చింది. స్టేషన్లో ఉంచిన రెండు రోజులూ అతనికి నీళ్ళివ్వలేదట. ఇంటికి వచ్చాక గొంతులో చుక్క దిగలేదట.

రేకు ఆమె చేతిలో పెట్టాను. తీసుకుంది. నన్ను కూర్చోమనలేదు. అనాల్సిన అవసరమూ లేదు.

నా మొదటి కాగితం తప్పని, ఆ కత్తి ఓబులేసుదేనని రాసి స్టేషన్లో ఇచ్చాను. "మనిషే లేడు గదమ్మా, కేసు మూసేసినాం," అన్నారు. పైవాళ్ళకు పంపాను, జవాబు రాలేదు. శంకరప్ప నా మీద పెడతానన్న దొంగతనం కేసు పెట్టలేదు. ఆ తర్వాత ఎన్నికల్లో గెలిచాడని విన్నాను. బాగా తింటున్నాడు, బాగా నిద్రపోతున్నాడు. ఆయనకు ఎవరూ కనబడలేదట.

ఎల్లమ్మను అడిగి ఆ రేషన్ కార్డు జెరాక్సు తెచ్చుకున్నాను. రూతమ్మకు ఏమీ చెప్పకుండా చూపించాను. "ఆ పొద్దు మన గడపకాడ నీళ్ళు తాగిన ఆయప్ప గదా," అంది వెంటనే. ఒక్కదాన్నే చూసి ఉంటే ఎండకు కళ్ళు తిరిగాయని సర్దుకునేదాన్ని. ఆ వీలు కూడా లేకుండా పోయింది.

చనిపోయినవాళ్ళు వస్తారా అని అడిగితే నాకు ఇప్పటికీ తెలియదు. నమ్ముతున్నానని చెప్పలేను, లేదనీ చెప్పలేను. ఒకటి మాత్రం ఎంత ఆలోచించినా తెగడం లేదు. శంకరప్ప ఇల్లు అతని ఇంటికి రెండు వీధుల అవతలే. అక్కడికి వెళ్ళి నిలబడి ఉండొచ్చు. అబద్ధం ఆడినవాడిని వదిలేసి, ఆ అబద్ధం కింద సంతకం పెట్టినదాన్ని వెతుక్కుంటూ, బతికుండగా ఎన్నడూ చూడని ఊరికి వచ్చాడు. వచ్చి తిట్టలేదు, శపించలేదు. ఇప్పి చూడు అన్నాడు, అంతే.