మందుకు చావని ధనియాల పురుగులు

ఆ రోజుల్లో, అంటే అగ్రికల్చర్ డిగ్రీ చేతికొచ్చిన కొత్తలో, నేను చదివిన పుస్తకాన్నే పురుగులూ చదివి ఉంటాయని నా నమ్మకం. అనంతపురం జిల్లా యాడికి ఊళ్లో మా మేనమామకు ధనియాల గోదాము ఉండేది. బస్తాల్లో పురుగు పడిందని ఆయన కబురు చేస్తే ఎగిరి గంతేసి వెళ్లాను. బస్తాల మీద పట్ట కప్పి, లోపల పురుగుల్ని చంపే గ్యాసు బిళ్లలు పెట్టే లైసెన్సు మనిషికి (అతను అడగకపోయినా) సలహాలిచ్చి, ఒక్క పురుగు కూడా మిగలదని మామకు మాటిచ్చాను.

పట్ట తీసి గాలి ఆడనిచ్చిన మర్నాడు సరుకు కొనే షావుకారు వచ్చాడు. బస్తాలో చెయ్యి పెట్టి తీస్తే, ఎర్రటి బుల్లి పురుగులు ఆయన మణికట్టు మీద తాపీగా నడుస్తున్నాయి. ఆయన కోప్పడలేదు. చెయ్యి దులుపుకుని, నెల తర్వాత వస్తాననీ, అప్పుడూ ఇలాగే ఉంటే ఇంకోచోట కొంటాననీ చెప్పి వెళ్లాడు. మామ ఆ ఏడు కొన్న సరుకంతా ఆ బస్తాల్లోనే ఉంది. ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు. నేను బస్తాల వెనక చేరి ఏడుస్తుంటే, ధనియాలు జల్లెడ పట్టే ముసలామె (అందరికీ జల్లెడవ్వ) వచ్చి పక్కన కూర్చుంది.

"నీ తప్పు గాదు పాపా. మీ మామ ఏటేటా చిల్లుల పట్ట కప్పి, రెండు దినాలకే తీపిస్తాండె. సచ్చేవి సచ్చినాయి, తట్టుకున్నెవి పిల్లల్ని పెట్టినాయి. ఇప్పుడుండేటివన్నీ వాటి సంతానమే" అంది.

పురుగుల్ని సీసాలో వేసుకుని, బస్సెక్కి అనంతపురంలో మాకు కాలేజీలో పురుగుల పాఠం చెప్పిన మేడమ్ దగ్గరికి పోయాను. (పక్క సీటావిడ వాము అనుకుని చిటికెడు అడిగింది, అది కదలడం చూసి సీటు మారింది.) మేడమ్ పరీక్షించి, అవ్వ చెప్పిందే చెప్పింది: ఇవి ఆ గ్యాసును తట్టుకునే రకం. ఊరికే బిళ్లలు పెంచితే లాభం లేదు, గ్యాసు కారని పట్ట కావాలి, ఎక్కువ రోజులు ఉంచాలి, లోపల గ్యాసు ఎంతుందో మీటరుతో చూస్తుండాలి.

మామ గొణుక్కుంటూనే కొత్త పట్ట తెచ్చాడు. లైసెన్సు మనిషి అంచుల వెంట ఇసుక సంచులు పేర్చాడు. ఈసారి నేను నోరెత్తలేదు.

అన్ని రోజులూ గడిచి, గోదాముకు గాలి ఆడాక అవ్వ ధనియాలు జల్లించి, కిందపడిన పురుగుల్నీ పొట్టునీ తెల్లగుడ్డ మీద పోసింది. ముగ్గురం వంగి చూశాం. ఒకటి కదిలింది. తీరా చూస్తే అది మామ నిట్టూర్పుకు ఎగిరిన పొట్టు.

"కొంచేపు ఊపిరి బిగబట్టు మామా" అన్నాను.

ఆయన నిజంగానే బిగబట్టాడు. ఏదీ కదల్లేదు. షావుకారు వచ్చి, మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసి, లారీ పంపిస్తానన్నాడు. మామ గోడకానుకుని కూలబడి, "బతికించినారు పాపా" అన్నాడు. అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. నేనైతే వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆ తర్వాత చాలా గోదాములు తిరిగాను. మీటరు చూడటం, నోరు అదుపులో పెట్టుకోవడం రెండూ వచ్చాయి. కానీ చచ్చిన పురుగుల్ని చూసి అంత హాయిగా ఏడవడం మాత్రం నాకు మళ్లీ చేతకాలేదు.